పెద్ద అక్వేరియానికి ఎంత లావు పైపు?

మేముండే బీర్‌గావ్ రాయ్‌పూర్ పక్కనే, ఉర్లా ఫ్యాక్టరీలను ఆనుకుని ఉంటుంది. మా హాల్లో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న అక్వేరియం ఉంది. నిండా పోస్తే దాదాపు 680 లీటర్లు. స్టాండు కింద సంప్ తొట్టి. నీళ్లు అందులోకి వాటంతటవే దిగాలి, మోటారు మళ్లీ పైకి ఎక్కించాలి.

గంటకు ఐదుసార్లు తిరగాలంటే 3,400 లీటర్లు. మోటారు డబ్బా మీది పెద్ద అంకె నీళ్లు ఎత్తుకు ఎక్కనప్పటిది. ఐదడుగులు ఎక్కిస్తే ఎంత వస్తుందో పట్టికలో చూసి కొనాలి. ఎక్కే పైపు 32 మిల్లీమీటర్లు పెట్టాను. దిగే నీటిని తోసేవారెవరూ లేరు కనుక ఆ పైపు 40. మలుపులు తగ్గించాలి, తప్పకపోతే ఒక 90 డిగ్రీల ఎల్బోకు బదులు రెండు 45లు వాడాలి.

దిగే పైపులు రెండుండాలి. మొదటిదానికి గేట్ వాల్వ్ పెట్టి, గాలి చొరకుండా నిండుగా పారేలా తిప్పుకుంటే చప్పుడుండదు. అదే సైజు రెండోదానికి వాల్వ్ వద్దు. నత్త అడ్డుపడి మొదటిది మూసుకుపోయినా అది కాపాడుతుంది.

కరెంటు పోతే ఎక్కే పైపులోంచే నీళ్లు వెనక్కి వస్తాయి. ఈ అక్వేరియంలో ఒక్క అంగుళం అంటే 28 లీటర్లు! కాబట్టి పైపు మూతి నీటిమట్టానికి కాస్త కిందే ఉండాలి. చేపలు వేయకముందే స్విచ్ ఆపి చూసి, మోటారు నడిచేటప్పుడు సంప్‌లో ఏ మట్టం దాకా ఉంటే ఆపినా పొర్లదో అక్కడ గీత గీయండి. మే ఎండలకు నీళ్లు ఆవిరైనప్పుడు కూడా ఆ గీత దాటి పోయకండి.