మిశ్రమ భిన్నముల తీసివేత

ప్రాథమిక పాఠశాలలలోని బాలబాలికలను మిక్కిలి తికమక పెట్టు లెక్కలలో మిశ్రమ భిన్నముల తీసివేత యొకటి. 5¾ నుండి 2¼ తీసివేయుమన్నచో 3½ అని తడబడక చెప్పుదురు. 3¼ నుండి 1¾ తీసివేయుమన్నచో పలువురు 2½ అని వ్రాయుదురు. పావులోనుండి ముప్పావు పోదు గనుక, వారు ముప్పావులోనుండియే పావును తీసివేయుదురు. మరికొందరు 3 నుండి ఒకటి అప్పు తెచ్చి, పూర్ణాంకముల అలవాటు చొప్పున దానిని పదిగా నెంచి, ఒక పావును పదునొకండు పావులు చేయుదురు. ఈ రెండును తప్పులే.

ఇందుకు కారణము లేకపోలేదు. 1957 వరకు రూపాయికి 16 అణాలు. అప్పు తెచ్చిన రూపాయి 16 అణాలగునని అంగడికి పోవు పిల్లవాడును ఎరుగును. నేడు రూపాయికి 100 పైసలు, మీటరునకు 100 సెంటీమీటర్లు. బాలుర కంట బడు కొలతలలో పెక్కు పదులమీదనే నడచుచున్నవి.

అయినను కొల్లూరు, పటాన్‌చెరు ప్రాంతముల వారికి ఇంటనే మంచి సాధనమొకటి గలదు. ఎకరమునకు 40 గుంటలు గదా! 3 ఎకరముల 10 గుంటలు గల రైతు 1 ఎకరము 30 గుంటలు అమ్మెననుకొందము. 10 గుంటలలోనుండి 30 పోవు. కావున ఒక ఎకరమును గుంటలుగా మార్చిన 2 ఎకరముల 50 గుంటలగును. అందుండి తీసివేయగా 1 ఎకరము 20 గుంటలు, అనగా 1½ ఎకరము మిగులును.

భిన్నములందును ఇదియే రీతి. 3¼ అనగా 2 పూర్ణములు, 5 పావులు. అందుండి 1 పూర్ణమును, 3 పావులును పోగా 1 పూర్ణము, 2 పావులు మిగులును. అప్పు తెచ్చిన ఒకటి, హారము ఎంతయో అన్ని భాగములగునని బాలురు గ్రహింపవలెను.

ఉపాధ్యాయులు ఈ సూత్రమును ముందుగా వల్లె వేయింపరాదు. మూడు జొన్నరొట్టెలును, ఒక పావు రొట్టెయు బాలుని ముందుంచి, ఒకటిముప్పావు ఇమ్మనవలెను. వాడే ఒక నిండు రొట్టెను నాలుగు ముక్కలు చేయును. పిమ్మట పలకపై అంకెలు వేయింపవలెను.

వచ్చిన శేషమును తీసివేసిన దానితో కూడి చూచుట తప్పక నేర్పవలెను. 1½, 1¾ కూడిన 3¼ వచ్చును. 2½, 1¾ కూడిన 4¼ వచ్చును. 2½ అని వ్రాసినవాడు లేని ఎకరమును ఉన్నట్లు చూపినవాడగును. భూమిని గుంటలుగను గజములుగను కొనుచు అమ్ముచున్న ఈ సీమలో అది చిన్న పొరపాటు కాదు. తల్లిదండ్రులారా! ఇంటిలో భూమి లెక్క చూచునపుడు మీ బిడ్డలను చెంత కూర్చుండబెట్టుకొనుడు.