హాలుకు తాళం వేస్తే ఆగేది ఏ సినిమా?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో లైమా అనే పట్టణం ఉంది. 1970ల తొలి ఏళ్లలో అక్కడ ‘సినిమా 1’ అనే హాల్లో పెద్దలకు మాత్రమే అంటూ శృంగార చిత్రాలు ఆడేవి. ఆ కౌంటీ షెరీఫు, ప్రాసిక్యూటరు కలిసి హాలు మీద కేసు పెట్టారు. అది క్రిమినల్ కేసు కాదు. ఎవరినీ జైల్లో పెట్టమని వాళ్లు అడగలేదు. అశ్లీల చిత్రాలు ఆడే చోటు పబ్లిక్ న్యూసెన్స్ కిందికి వస్తుందని రాష్ట్ర చట్టం చెబుతోంది కాబట్టి ఆ హాలును మూయించమని అడిగారు. స్థానిక కోర్టు అక్కడ ఆడిన 16 సినిమాలను పరిశీలించింది. హాలును ఏడాది పాటు మూసేయాలనీ, ప్రదర్శనకు వాడిన సామాను జప్తు చేసి అమ్మేయాలనీ తీర్పు చెప్పింది. ఆ పదహారు సినిమాల సంగతి సరే, వాటిని కోర్టు చూసింది, తేల్చింది. ఆ ఏడాదిలో అదే తెర మీద పడాల్సిన పదిహేడో సినిమా మాటేమిటి? దాన్ని జడ్జి చూడలేదు, పోలీసు చూడలేదు, అప్పటికి అది హాలుకు చేరను కూడా లేదు. అయినా తాళం దానికీ పడింది. న్యూసెన్స్ చట్టంతో పెద్దల సినిమా హాళ్లను మూయించే ప్రయత్నాల మీద అమెరికా కోర్టులు పదిహేనేళ్లకు పైగా వాదోపవాదాలు విన్నాయి. ఆ తగవంతా ఈ పదిహేడో సినిమా చుట్టూ తిరిగిందే. చూపించిన బొమ్మకు శిక్ష వేసే అధికారం ప్రభుత్వానికి ఉండవచ్చు గాని, ఇంకా చూపించని బొమ్మను మూసిన తలుపు వెనక ఆపేసే అధికారం ఉండకూడదని ఆ కేసులు చదివితే నాకు అర్థమైంది.

న్యూసెన్స్ మనకు తెలియని మాట కాదు. తాగి వీధిలో అల్లరి చేసినవాడి మీద రాసే చిన్న కేసు దగ్గర్నుంచి, మురుగు వదిలే ఫ్యాక్టరీ మీద కలెక్టరాఫీసులో ఇచ్చే అర్జీ దాకా అన్నీ దీని కిందికే వస్తాయి. 1860 నాటి శిక్షాస్మృతిలో 268వ సెక్షనుగా ఉన్నది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 270 అయింది. మనకూ అమెరికాకూ ఇది ఇంగ్లండు న్యాయ సంప్రదాయం నుంచి వచ్చిన ఆస్తే. అందులోని భావం చాలా సూటిగా ఉంటుంది. ఒకడు తన జాగాలో చేసే పని గోడ దాటి వచ్చి పదిమంది ఆరోగ్యాన్ని, నిద్రను, నడిచే దారిని చెడగొడితే ఆ పనిని ఆపించవచ్చు. పొగ, కంపు, రొద, దారికి అడ్డంగా పోసిన రాళ్లు, ఇవీ దాని లెక్కలోకి వచ్చేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికన్లు దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. వ్యభిచార గృహాల మీద కేసులు పెట్టి మనుషులను పట్టుకుంటే మర్నాడు కొత్తవాళ్లు అదే ఇంట్లో దుకాణం తెరుస్తున్నారని, ఏకంగా ఇంటినే దోషిగా నిలబెట్టారు. 1909లో ఐయోవా రాష్ట్రం అలాంటి చట్టం చేసింది, 1913లో కాలిఫోర్నియా ఆ దారి పట్టింది, క్రమంగా చాలా రాష్ట్రాలు అనుసరించాయి. మన దగ్గర పత్రికలు ‘పీటా’ అని రాసే వ్యభిచార నిరోధక చట్టంలో కూడా 18వ సెక్షను కింద అలాంటి ఇంటిని మూయించవచ్చు. పెద్దల సినిమాలు పెరిగేసరికి అధికారులు అదే తాళం కప్పను హాళ్లకు తెచ్చారు. ఇక్కడే పొరపాటు జరిగింది. వ్యభిచార గృహంలో నిన్న జరిగిందీ రేపు జరగబోయేదీ ఒకే పని, అది నేరమే. సినిమా హాల్లో వారం వారం బొమ్మ మారుతుంది. నిన్నటి బొమ్మ నేరమైతే రేపటి బొమ్మ కూడా నేరమేనని ఎవరూ ముందుగా చెప్పలేరు.

మన పాఠకులకు ఇది కొంచెం వింతగా తోచవచ్చు. మన దేశంలో సినిమా హాలుకు వెళ్లేముందే సెన్సార్ బోర్డు మెట్లెక్కాలి. అది తప్పు కాదని 1970లో సినీ దర్శకుడు కె.ఎ. అబ్బాస్ వేసిన కేసులో మన సుప్రీంకోర్టు తేల్చింది. అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ దగ్గర లెక్క తిరగబడుతుంది. మాట బయటికి వచ్చాక అది నేరమైతే శిక్షించవచ్చు గాని, రాకముందే నోరు మూయించడం అక్కడ దాదాపు నిషిద్ధం. సినిమాలకు ముందస్తు అనుమతి అడిగే రాష్ట్రాలకు 1965లో సుప్రీంకోర్టు మేరీలాండ్ కేసులో గట్టి షరతులు పెట్టింది. సినిమా చెడ్డదని నిరూపించే భారం ప్రభుత్వానిదే, ఆపి ఉంచేది కొద్ది రోజులే, ఆలోగా కోర్టు గబగబా తేల్చాలి. న్యూసెన్స్ తాళం ఈ మూడింటినీ ఒక్క దెబ్బతో దాటేస్తుంది.

అధికారుల పక్షాన బలం లేదని కాదు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు రెండు తీర్పులు ఒకేరోజు ఇచ్చింది. మిల్లర్ కేసులో అశ్లీలం అంటే ఏమిటో కొలత చెప్పింది. అట్లాంటా నగరంలోని ‘పారిస్ అడల్ట్ థియేటర్’ కేసులో, చూసేవాళ్లు అందరూ పెద్దవాళ్లే, ఇష్టపడే వచ్చారు అన్నంత మాత్రాన అశ్లీల చిత్రానికి రక్షణ రాదని అయిదుగురు జడ్జీలు తేల్చారు, నలుగురు విభేదించారు. ఆ హాలు గుమ్మం మీద బూతు బొమ్మలేవీ లేవు. ఇరవై ఒక్కేళ్లు నిండినవాళ్లే రావాలనీ, నగ్నత్వం ఇబ్బంది అనుకుంటే లోపలికి రావద్దనీ బోర్డు కూడా ఉంది. అయినా లాభం లేకపోయింది. పైగా ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ సివిల్ దావా పద్ధతిని మెచ్చుకున్నారు. జైలు భయం లేకుండా, ఏ సినిమా చట్టానికి విరుద్ధమో హాలు యజమానికి ముందుగానే తెలుస్తుంది కదా అన్నది ఆయన లెక్క. ఆ మాటలో న్యాయం ఉంది, నేను ఒప్పుకుంటాను. ఒక ఫలానా సినిమాను కోర్టు చూసి, రెండు పక్షాల వాదన విని, ఇది ఇక ఆడకూడదు అంటే అది తీర్పు. లైమాలో జరిగింది అంతకు మించినది. అయితే ఆ హాలును తర్వాత లీజుకు తీసుకున్న కంపెనీ రాష్ట్రంలో అప్పీలుకు వెళ్లకుండా నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లడంతో 1975లో సుప్రీంకోర్టు అసలు ప్రశ్న జోలికి పోలేదు. ఈ న్యూసెన్స్ దావా క్రిమినల్ కేసుకు దగ్గరి చుట్టం కాబట్టి ఫెడరల్ కోర్టు మధ్యలో తలదూర్చే ముందు చాలా ఆలోచించాలని చెప్పి తిప్పి పంపింది.

అసలు ప్రశ్నకు జవాబు టెక్సస్ నుంచి వచ్చింది. 1973 అక్టోబరులో ‘కింగ్ ఆర్ట్స్’ అనే పెద్దల హాలుకు భవనం యజమాని నోటీసిచ్చాడు. హాలును న్యూసెన్స్ కింద మూయించేందుకు ఇంజంక్షన్, అంటే కోర్టు నిషేధాజ్ఞ, తెస్తానని కౌంటీ అటార్నీ చెప్పాడు కాబట్టి లీజు రద్దు చేస్తున్నానన్నాడు. ఒక్క సినిమా మీదా తీర్పు రాలేదు, ఒక్క సాక్షినీ విచారించలేదు. తాళం వేస్తామన్న మాటకే అద్దెకున్నవాడి లీజుకు ముప్పు వచ్చింది. 1980లో ‘వాన్స్ వర్సెస్ యూనివర్సల్ అమ్యూజ్‌మెంట్’ కేసులో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో టెక్సస్ న్యూసెన్స్ చట్టాన్ని తప్పుబట్టింది. టెక్సస్ వాదన వినడానికి బాగుంటుంది. అశ్లీల చిత్రం ఆడితే క్రిమినల్ చట్టం ఎలాగూ శిక్షిస్తుంది, ఇంజంక్షన్ కూడా అదే మాట చెబుతుంది, కొత్తగా పోయేదేముంది? పోయేది చాలా ఉంది. క్రిమినల్ కేసులో ‘నా సినిమా అశ్లీలం కాదు’ అని నిరూపణ అయితే హాలువాడు విడుదలవుతాడు. ఇంజంక్షన్ ఉండగా సినిమా వేసినవాడు, అది అశ్లీలం కాదని చివరికి తేలినా, ఆజ్ఞ మీరినందుకు కోర్టు ధిక్కారం కింద శిక్ష పడే ప్రమాదంలో ఉంటాడు. అంటే నిర్దోషి అయిన సినిమా వేసి కూడా దోషి కావచ్చు. ఆ భయం ఉన్నచోట ఏ హాలువాడూ సందేహం ఉన్న బొమ్మ జోలికి వెళ్లడు. ఎంతకాలమో చెప్పకుండా, ఏ సినిమానో చెప్పకుండా పెట్టే ఈ నిషేధం చెల్లదని కోర్టు అంది.

అయితే ఒక్కొక్క సినిమా మీద కేసు వేస్తూ పోవాలా, హాలువాడు సోమవారం ఒకటి ఆపి మంగళవారం ఇంకోటి వేస్తే చట్టం ఎప్పటికి గెలుస్తుంది అని అధికారులు అడుగుతారు. వాళ్ల అలసట నిజమే. కాని చట్టం చేతిలో ఆయుధాలు లేవని చెప్పలేం. అశ్లీల చిత్రం ఆడినవాడిపై క్రిమినల్ కేసు పెట్టవచ్చు, మళ్లీ మళ్లీ చేస్తే శిక్ష పెరుగుతుంది. 1981లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా హాలు కేసులో, ఇలాంటి సివిల్ దావాల్లో క్రిమినల్ కేసుకు కావలసినంత గట్టి రుజువు అక్కర్లేదని చెప్పి సుప్రీంకోర్టు వాళ్ల పని తేలిక కూడా చేసింది. ఒక్కో సినిమాకు ఒక్కో విచారణ జరపడం ప్రభుత్వానికి శ్రమే. కాని మాట మీద ఆంక్ష పెట్టదలిచిన ప్రభుత్వం ఆ శ్రమ పడాల్సిందే.

ఇంత చెప్పాక కూడా చాలామందికి ఒక అభ్యంతరం మిగులుతుంది. ఈ బూతు సినిమాల కోసం రాజ్యాంగాన్ని తేవాలా? దీనికి జవాబు మిన్నియాపాలిస్ నగరంలో ఉంది. 1925లో మిన్నెసోటా రాష్ట్రం దుర్బుద్ధితో పరువు తీసే రాతలు రాసే పత్రికను కూడా పబ్లిక్ న్యూసెన్స్ కింద చేర్చి మూయించే చట్టం చేసింది. 1927లో అక్కడ ‘సాటర్‌డే ప్రెస్’ అనే వారపత్రిక తొమ్మిది సంచికలు తెచ్చింది. దాని రాతల్లో యూదుల మీద విషం ఉంది. నగరంలో జూదం, దొంగసారా నడిపే ముఠాలతో పోలీసు పెద్దలు కుమ్మక్కయ్యారన్న ఆరోపణలూ ఉన్నాయి. కోర్టు దాన్ని న్యూసెన్స్ అని మూయించింది. 1931లో ‘నియర్ వర్సెస్ మిన్నెసోటా’ తీర్పులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, అదీ 5-4తోనే. 1971లో వియత్నాం యుద్ధ రహస్య పత్రాలను అచ్చు వేయకుండా ప్రభుత్వం పత్రికలను ఆపబోయినప్పుడు అడ్డం నిలిచిన సూత్రం ఆ తీర్పు నుంచి వచ్చిందే. చెడ్డ పత్రికను మూయించిన చట్టమూ, చెడ్డ హాలును మూయించిన చట్టమూ ఒకే అచ్చులో పోసినవి. ఒకటి చెల్లదని మరొకటి చెల్లుతుందని చెప్పడం కష్టం.

అన్నిటికన్నా గౌరవంగా వినాల్సింది ఇరుగుపొరుగు వాళ్ల గోడు. ఇంటి పక్కన అలాంటి హాలు వస్తే బడికి వెళ్లే పిల్లల సంగతేమిటి, రాత్రిపూట వీధిలో తిరిగేవాళ్లెవరు, ఇంటి ధర ఏమవుతుంది అని అడిగే తల్లిదండ్రులను ఛాందసులని తోసిపుచ్చడం అన్యాయం. నిజానికి న్యూసెన్స్ అన్న మాటకు అసలు అర్థం వాళ్ల గోడులోనే ఉంది. గోడ దాటి వచ్చిన హాని అది. దానికి మందు తాళం కన్నా చోటు మార్చడంలో ఉందని డెట్రాయిట్ చూపింది. 1972లో ఆ నగరం ఇలాంటి వ్యాపారాలు ఒకేచోట గుంపుగా చేరకూడదని, అదే తరహావి మరో రెండు ఉన్నచోటికి 1000 అడుగుల లోపల పెట్టకూడదని నియమం చేసింది. 1976లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుంది. 1986లో వాషింగ్టన్ రాష్ట్రంలోని రెంటన్ పట్టణం ఇళ్లకు, బడులకు, చర్చిలకు, పార్కులకు 1000 అడుగుల దూరం ఉండాలన్న నియమాన్నీ నిలబెట్టుకుంది. ఊళ్లో ఇంకా 520 ఎకరాల చోటు మిగిలి ఉందని కోర్టు గుర్తు చేసింది. రెంటన్ తన ఊళ్లో అధ్యయనం చేయకుండా పక్కనున్న సియాటెల్ అనుభవాన్ని అరువు తెచ్చుకోవడం నాకు అంతగా నచ్చలేదు. అయినా సినిమాను చంపకుండా వీధిని కాపాడే దారి అదే. గోడ దాటడం అన్న మాటకూ హద్దుంది. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో రోడ్డు మీదికి కనిపించే డ్రైవ్-ఇన్ తెర మీద నగ్నత్వం చూపడాన్నే న్యూసెన్స్ అన్నారు. అశ్లీలం కాని నగ్నత్వాన్నీ కలిపి నిషేధించిన ఆ నియమాన్ని 1975లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మిగిలింది న్యూయార్క్ రాష్ట్రంలో కెన్‌మోర్‌లోని పెద్దల పుస్తకాల, సినిమా బూత్‌ల దుకాణం. 1982లో మారువేషంలో వెళ్లిన డిప్యూటీ షెరీఫ్ అక్కడ కస్టమర్లు బహిరంగంగా లైంగిక చర్యలకు దిగడం, బేరాలు సాగడం చూశాడు. ప్రజారోగ్య చట్టం కింద దుకాణాన్ని ఏడాది మూయించబోయారు. ఇక్కడ శిక్ష పుస్తకానికి కాదు, అక్కడ జరిగిన పనులకు, కాబట్టి మొదటి సవరణ ప్రశ్నే రాదని 1986లో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో అంది. ఆ వాదనను నేను సగమే ఒప్పుకుంటాను. తప్పు చేసిన మనుషులను పట్టుకోవాలి, సందేహం లేదు. కాని ఏడాది తాళం ఆ మనుషులతో పాటు ఆ దుకాణంలోని ప్రతి పుస్తకాన్నీ పట్టుకుంటుంది. కేసు తిరిగి న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానానికి వెళ్లింది. ఆ కోర్టు అదే ఏడాది తమ రాష్ట్ర రాజ్యాంగం ఇంకా ఎక్కువ రక్షణ ఇస్తుందని చెప్పింది. తప్పు చేసినవాళ్లను అరెస్టు చేయడం వంటి చిన్న చర్యలతో పని జరగదని ప్రభుత్వం ముందు చూపించాలి, ఆ తర్వాతే తాళం మాట ఎత్తాలి అని తీర్పిచ్చింది.