మజొరానా ఏమైనారు?

మనిషి మరణించిన ఇంట దుఃఖమునకు ఏనాటికైనను ఒక అవధి కలదు. మనిషి కనబడకుండ పోయిన ఇంట అట్టి అవధి లేదు. ఇటలీ దేశపు భౌతికశాస్త్రవేత్త ఎత్తోరె మజొరానా వృత్తాంతము ఇందుకు నిదర్శనముగా మన ముందున్నది.

1906లో సిసిలీ ద్వీపమున కటానియా నగరములో జన్మించిన మజొరానా, రోములో ఎన్రికో ఫెర్మీ పరిశోధక బృందమున చేరి, తన ప్రతిభచే ఫెర్మీనే ఆశ్చర్యపరచినారు. 1933లో జర్మనీలో హైజెన్‌బర్గు వద్ద కొంతకాలము పనిచేసి వచ్చిన పిమ్మట ఉదరవ్యాధి ఆయనను పీడించినది. సుమారు నాలుగేండ్లు ఇల్లు కదలుట అరుదైనది, మిత్రులు దూరమైనారు. అయినను మేధస్సు మందగింపలేదు. ఒక కణము తనకు తానే ప్రతికణము కావచ్చునని 1937లో ఒక వ్యాసమున చూపినారు. న్యూట్రినో అట్టి కణమా కాదా అను పరీక్షలు నేటికిని సాగుచున్నవి. ఆ యేడే నేపుల్సు విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి లభించినది.

పాఠములు ప్రారంభించి మూడు మాసములైనను నిండలేదు. 1938 మార్చి 25వ తేదీన, తాను మరి కనబడనను భావము కలుగునట్లు సహాచార్యుడు కరెల్లీకి ఒక లేఖ, కుటుంబమునకు ఒక లేఖ వ్రాసి, పలెర్మో పోవు నౌక నెక్కినారు. మరునాడు పలెర్మో నుండి, మొదటి లేఖను లెక్కింపవద్దని తంతి వచ్చినది. తిరిగి వచ్చుచున్నానని, బోధన మాత్రము విరమింతునని మరియొక లేఖ వచ్చినది. ఆయన మాత్రము రాలేదు. అప్పటికి వయస్సు 31 ఏండ్లు.

సముద్రమున పడి మరణించినారని కొందరందురు. అట్లైనచో ముందుగా ధనమును, ప్రయాణపత్రమును ఏల వెంట తీసికొన్నారు? ఏదో మఠమున చేరినారని మరికొందరి ఊహ. దానికి రుజువు దొరకలేదు. 1955 నుండి 1959 వరకు వెనిజులాలో జీవించియుండిరని రోము ప్రాసిక్యూటర్లు ఒక ఛాయాచిత్రము మొదలగు ఆధారములతో 2015లో నిర్ణయించి విచారణ ముగించినారు. ఆ నిర్ణయమును అందరును అంగీకరింపలేదు.

ఇట్టి ఉదంతములు తేలకపోవుటకు కారణము స్పష్టమే. పిల్లవాడు తప్పిపోయినచో తక్షణము వెదకుదుము. పెద్దవాడు పోయినచో, తన ఇష్టముచే పోయినాడేమో యని తటపటాయింతుము. మనస్సు అలసినవాని విషయమున ఆ తటపటాయింపే ప్రమాదము, ఏలయన జాడలు మొదటి దినములలోనే చెరగిపోవును. అంతకన్న ముఖ్యమైనది వేరొకటి కలదు. మజొరానా అదృశ్యమైనది ఒక్కనాడు. మనుష్యులకు దూరమగుచు వచ్చినది నాలుగేండ్లు. మన ఇండ్లలో తలుపు మూసికొని కూర్చుండు వానిని ఆ కాలముననే పలుకరింపవలెను.

ఆయన తల్లి కుమారుని మరణమును నమ్మలేదు. తిరిగి వచ్చినప్పుడు అతనికి చెందవలెనని, తన మరణశాసనమున అతని భాగమును అతనికే వ్రాసి యుంచినది.