ఎవరు చెప్పారు? ఎలా తెలుసు?
(ఆధారాల పరిశీలన, నివేదిక రచన – పరీక్షకు తయారయ్యే విధానం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన వసతి గృహం నుండి కబురు వచ్చినప్పుడు కవిత రాద్దామా, హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామా అని చాలా ఆలోచించాము. చివరకు ఇవేవీ కాకుండా, మేము పదో తరగతిలో ఉన్నప్పుడు మాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించిన ఒక విషయం రాస్తున్నాము. సాంఘిక శాస్త్రంలో పట్టిక ఇచ్చి వ్యాఖ్యానించమంటారు. పేరా ఇచ్చి మీ అభిప్రాయం రాయమంటారు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నివేదిక రాయమంటారు. ఈ ప్రశ్నలకు బట్టీ పట్టడానికి ఏమీ ఉండదు కనుక చాలామంది వీటిని వదిలేస్తారు, లేకపోతే తోచింది రాసి వస్తారు. మేమూ అలాగే చేసేవాళ్లం. గైడులో జవాబు లేని ప్రశ్న అంటే మాకు భయం.

ముందుగా మాకు ఈ పాఠం ఎలా ఒంటబట్టిందో చెబుతాము.

మేము తొమ్మిదిలో ఉన్నప్పుడు ఫార్మేటివ్ పరీక్షలలో ప్రాజెక్టు పనికి 10 మార్కులు ఉండేవి. ‘మన ఊరిలో వ్యవసాయం’ అనే అంశం నలుగురికి ఇచ్చారు. నలుగురం కలిసి మాలో ఒకరి ఊరిని ఎంచుకున్నాము. చెరువు కింద ఉన్న 20 చేలు తీసుకుని, మీసేవలో అడంగల్ నకళ్లు తీయించాము. అడంగల్ అంటే తెలుసు కదా, ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం, పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు, ఏ పంట వేశారు అనేది రాసి ఉండే రెవెన్యూ రికార్డు. తెలంగాణ వైపు దీన్నే పహాణీ అంటారు. సర్కారు కాగితం చేతిలో ఉంది, ఇక మాకేం తక్కువ అనుకున్నాము. ‘ఈ 20 చేలనూ భూమి యజమానులే స్వయంగా సాగు చేసుకుంటున్నారు’ అని రాసి, స్కెచ్ పెన్నులతో అంచులు గీసి, అట్ట వేసి ఇచ్చాము.

సాంఘిక శాస్త్రం మాస్టారు చదివి, ఒకే మాట అడిగారు: “ఒరేయ్, మీ నాన్న ఏం పని చేస్తాడ్రా?”

ఆయన అడిగింది మా నలుగురిలో ఒకరిని. (ఎవరినో దాచడం దేనికి, ఆ ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాడే ఇది రాస్తున్నాడు.) ఆ 20 చేలలో ఒకదాన్ని పదకొండేళ్లుగా కౌలుకు చేస్తున్నది మా నాన్నే. దుక్కి దున్నినది, విత్తనం వేసినది, రాత్రిపూట నీళ్లు పెట్టడానికి టార్చి పట్టుకుని వెళ్లినది ఆయన. మేము తెచ్చిన కాగితంలో మాత్రం పట్టాదారు గడిలోనూ, అనుభవదారు గడిలోనూ భూమి యజమాని పేరే ఉంది. కాగితాన్ని నమ్మి మేము రాసిన నివేదికలో మా నాన్న లేడు. మా చేత్తో మేమే ఆయనను చేలోంచి తీసేశాము.

మాస్టారు తిట్టలేదు. ఆదివారం వెళ్లి ఆ 20 చేల దగ్గర ఎవరు పని చేస్తున్నారో అడిగి రమ్మన్నారు. అడిగితే 12 చేలు కౌలువి అని తేలింది. అందులో ఏ ఒక్క కౌలు రైతు పేరూ అడంగల్‌లో లేదు. మరి కాగితం అబద్ధమా? అప్పుడు మేము అబద్ధమనే అన్నాము, కోపంగా కూడా అన్నాము. మాస్టారు ఒప్పుకోలేదు. “భూమి ఎవరిదని అడిగితే ఈ కాగితం చాలావరకు సరిగ్గానే చెబుతుంది. చెమట ఎవరిదని అడిగితే చెప్పలేదు. మీరు దాన్ని అడగకూడని ప్రశ్న అడిగారు” అన్నారు.

పరీక్షలో ఆధారాన్ని పరిశీలించడం అంటే ఇదే. పుస్తకాలలో ప్రాథమిక ఆధారాలు, ద్వితీయ ఆధారాలు అని ఉంటుంది. ఆ తేడా నేర్చుకోండి, కానీ అక్కడితో ఆగకండి. ప్రాథమిక ఆధారమైతే చాలు నిజమనుకోవడం మేము చేసిన పొరపాటే. అడంగల్ అచ్చంగా ప్రాథమిక ఆధారమే కదా! దాన్ని ఎవరు రాశారు, ఎందుకోసం రాశారు, అందులో ఎవరి పేరు రాస్తే ఎవరికి లాభం, ఎవరికి భయం అని అడగాలి. కౌలుదారు పేరు రికార్డులోకి ఎక్కితే భూమి మీద హక్కు అడుగుతాడేమోనని యజమానికి భయం. పేరు లేకపోతే బ్యాంకు పంట రుణం, పంట నష్ట పరిహారం కౌలుదారుకు అందడం కష్టం. కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇవ్వడానికి 2011లో ఒక చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఆ రెండో చట్టం కింద కార్డు కావాలంటే యజమాని అంగీకారం కావాలి. ఇవన్నీ మాకు అప్పుడు తెలియవు, తర్వాత చదివి తెలుసుకున్నాము. కాగితంలో పేరు లేకపోవడం గుమాస్తా మరచిపోవడం వల్ల కాదని మాత్రం ఆ రోజే అర్థమైంది.

చరిత్రలో ఇంకో ఉదాహరణ చూడండి. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసి, తర్వాత రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లను కూడా పట్టుకుంది. బ్రిటిషు ప్రభుత్వ కాగితాలు దీన్ని పితూరీ అన్నాయి. మన్యం జనం పాటలుగా పాడుకున్నారు. 1974లో సినిమా వచ్చింది. ఈ మూడింటిలో దేన్ని నమ్మాలి అని అడిగితే, మనలో చాలామంది సినిమాను కొట్టేసి, ప్రభుత్వ కాగితాన్ని ఒప్పుకుంటారు. కొందరు ఆవేశపడి ప్రభుత్వ కాగితాన్నే కొట్టేస్తారు. రెండూ తొందరపాటే. స్టేషన్ల నుండి తుపాకులు పోయాయని పోలీసులే రాసుకున్నారంటే ఆ మాట నమ్మవచ్చు, ఎందుకంటే అది వాళ్లకు పరువు తక్కువ సంగతి. తనకు నష్టం చేసే మాటను తానే ఒప్పుకునే సాక్షి సాధారణంగా అబద్ధం ఆడడు. అదే కాగితం రాజు స్వభావం గురించి చెప్పే మాటలను అంత సులువుగా నమ్మకూడదు. సినిమా 1922 నాటికి ఆధారం కాదు. కానీ 1924 మే 7న రాజును కాల్చి చంపిన యాభై ఏళ్లకు తెలుగువాళ్లు ఆయనను ఎలా తలచుకున్నారో తెలుసుకోవాలంటే దానికి మించిన ఆధారం లేదు! జవాబులో ఈ ఒక్క వాక్యం రాయగలిగితే దిద్దే టీచరు మీ పేపరు దగ్గర ఒక్క క్షణం ఆగుతారు.

ఇక పట్టికలు. పట్టిక కనిపించగానే అంకెల మీదికి దూకకండి. పైనున్న శీర్షిక, సంవత్సరం, అంకెలు లక్షల్లోనా శాతాల్లోనా, కింద చిన్న అక్షరాలతో ‘మూలం’ అని ఏముంది, ఈ నాలుగూ చూశాకే అంకెలు చూడండి. ఒక పాత క్విజ్ పోటీలో మేము 2011లో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం అంటే, అవతలి జట్టు 67.66 అన్నది. పెద్ద గొడవ అయింది. తర్వాత చూస్తే ఇద్దరమూ తప్పు కాదు. 67.66 అనేది జనగణన కాగానే మొదట విడుదల చేసిన తాత్కాలిక లెక్క. 67.02 తుది లెక్క. దేశం మొత్తానికి కూడా అంతే, ముందు 74.04 అని, తర్వాత 72.98 అని వచ్చింది. పైగా ఈ 67.02 విడిపోక ముందున్న 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌ది. దాన్ని ఇప్పటి రాష్ట్రానికి అంటగడితే తప్పవుతుంది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది కనుక పుస్తకాల్లో ఇంకా 2011 అంకెలే కనిపిస్తాయి. అందుకే అంకె పక్కన సంవత్సరం రాయకుండా ఎప్పుడూ వదలకండి.

ఆ పట్టికనే తీసుకుని ఎలా వ్యాఖ్యానించాలో చూద్దాం. 2001లో ఉమ్మడి రాష్ట్రంలో పురుషుల అక్షరాస్యత 70.32, స్త్రీలది 50.43. 2011లో పురుషులది 74.88, స్త్రీలది 59.15. ‘ఇద్దరిదీ పెరిగింది’ అని రాసి వదిలేస్తే ఒక మార్కు వస్తుంది. తేడా చూడండి. 2001లో అది 19.89, 2011లో 15.73. అంటే స్త్రీలు వేగంగా అందుకుంటున్నారు, అయినా ఇంకా వెనుకే ఉన్నారు. ఇంకో జాగ్రత్త. మొత్తం అక్షరాస్యత 60.47 నుండి 67.02కు పెరిగిందంటే, 6.55 శాతం పెరిగిందని రాయకండి, 6.55 శాతం పాయింట్లు పెరిగిందని రాయండి. ఎందుకు పెరిగింది? ఆ సంగతి ఈ పట్టిక చెప్పదు. మధ్యాహ్న భోజనం వల్లనో, హాస్టళ్ల వల్లనో అని మీకు అనిపించవచ్చు (మాకూ అలాగే అనిపిస్తుంది, అన్నం పెట్టిన చోటును మరువలేము కదా). అలాంటప్పుడు ‘పట్టికలో లేదు, కానీ మా అభిప్రాయంలో’ అని విడదీసి రాయండి. జనగణనలో అక్షరాస్యులంటే ఏడేళ్లు దాటి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవారు. బడి సర్టిఫికెట్ అక్కర్లేదు. ఈ సంగతి తెలిస్తే అంకెను మోయగలిగినంత బరువే దానిమీద పెడతారు.

ఫోనులో వెతికేవారికి ఒక మాట. తెలుగు వికీపీడియా 2003 నుండి ఉంది, బాగా పనికొస్తుంది. కానీ పై వ్యాసం చదివి మూసేయకుండా, కింద ఇచ్చిన మూలాల దాకా వెళ్లండి. వాట్సాప్‌లో ఎవరు రాశారో తెలియని మాట వస్తే అది ఆధారం కాదు, ఎంతమంది పంపినా ఒక్కటే మాట. ఈమధ్య ప్రశ్న అడిగితే జవాబు రాసిచ్చే యాప్‌లు వచ్చాయి. అవి లేని పుస్తకం పేరు కూడా ఉన్నట్టు చెప్పగలవు. మా పీజీ సెమినారులో ఒకరు అలా ఇరుక్కున్నారు.

నివేదిక విషయానికి వస్తే, అది వ్యాసం కాదు, ఉపన్యాసం అంతకన్నా కాదు. ‘అత్యంత వైభవంగా’, ‘కన్నుల పండువగా’ లాంటి మాటలు తీసేసి చూడండి, నివేదికలో ఏం మిగిలిందో తెలుస్తుంది. వార్షికోత్సవం గురించి రాయమంటే తేదీ, స్థలం, ఎవరు వచ్చారు, ఏం జరిగింది, ఎంతమంది పాల్గొన్నారు అనేవి మొదటి నాలుగు వాక్యాల్లోనే రావాలి. సర్వే నివేదిక అయితే దేని గురించి, ఎవరిని అడిగాము, ఎందరిని అడిగాము, ఏ రోజు అడిగాము అని ముందే చెప్పాలి. తర్వాత తెలిసింది, ఆ తర్వాత తేలనిది. ఈ తేలనిది రాయడానికే అందరూ సిగ్గుపడతారు. ‘ముగ్గురు జవాబు చెప్పడానికి ఇష్టపడలేదు’ అని రాస్తే మార్కులు పోవు. సూచనలు చివర్లో, రెండు మూడు చాలు, అవి కూడా మీరు చూసిన దాంట్లోంచే రావాలి.

సాధన ఖర్చులేని పని. రాత్రి స్టడీ అవర్‌లో పది నిమిషాలు చాలు. హాస్టలుకు వచ్చే పేపరులో ఒక వార్త తీసుకుని, ఇందులో విలేకరి కళ్లారా చూసింది ఏది, ఎవరో చెప్పగా రాసింది ఏది అని పెన్సిలుతో గీతలు గీయండి. ఇద్దరు కలిసి మెస్‌లో జరిగిన ఏదో ఒక చిన్న సంగతిని విడివిడిగా ఎనిమిది వాక్యాల్లో రాసి, కాగితాలు మార్చుకోండి. ఒకే సాంబారు గురించి రెండు నివేదికలు ఎంత వేరుగా వస్తాయో చూస్తే నవ్వొస్తుంది. పరీక్ష హాలులో మాత్రం నివేదికకు పదిహేను నిమిషాలకు మించి ఇవ్వకండి, అందులో మొదటి మూడు నిమిషాలు చిత్తు పని.

మా ప్రాజెక్టు సంగతి చెప్పడం మరిచాము. రెండోసారి రాసినప్పుడు రెండు నిలువు గడులు గీశాము. ఒకదానిలో ‘అడంగల్ ప్రకారం’, రెండోదానిలో ‘చేను దగ్గర అడిగి తెలుసుకున్న ప్రకారం’. కింద తేడాకు కారణం మాకు తెలిసినంత రాశాము. ఇద్దరు కౌలు రైతులు యజమాని ఏమనుకుంటాడోనని తమ పేరు రాయవద్దన్నారు, కనుక వాళ్ల చేలకు పేరు బదులు అంకె వేశాము. ఈసారి అట్టకు రంగులు వేయలేదు. 10కి 9 మార్కులు వచ్చాయి. ఆ ఒక్క మార్కు అక్షర దోషాలకు పోయింది, అది న్యాయమే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ కాగితం మా నాన్నకు చదివి వినిపించాము. ఏడో వరుసలో, రెండో గడిలో తన పేరు ఉందని చెబితే, ఎక్కడుందో చూపించమని వేలు పెట్టించుకుని చూశాడు.