క్రొత్త లాప్‌టాపులో పాత విండోస్

క్రొత్త లాప్‌టాపు కొని, అందులో పాత విండోస్ 7 వేయింపవచ్చునా యని తల్లిదండ్రులు కొందరు ఈ సంవత్సరము మమ్ము అడిగిరి. అట్లు అడిగినవారిలో పెండ్లిపత్రికలు, కరపత్రములు కూర్చి జీవించువారును కలరు.

వారి కోరిక వింతది కాదు. పేజ్‌మేకరు 7.0 అనునది 2001లో వెలువడినది. తరువాత దానికి క్రొత్త కూర్పు రాలేదు. అయినను తెలుగు అచ్చుపనిలో అది యింకను వాడుకలో నున్నది. దానితో వాడెడి అను ఫాంట్లు కంటికి ఇంపుగా నుండును గాని, యంత్రమునకు అవి తెలుగు కావు. ఆంగ్లాక్షరముల స్థానములలో తలకట్టు, గుడి, ఒత్తు మొదలగు ముక్కలను అమర్చి చేసినవి. ఆ ఫాంటు లేనిచోట తెరచినచో అర్థములేని ఆంగ్లాక్షరములే కానవచ్చును. మన పాత సంచికల పుటలు కొన్ని యిట్టివే.

ఇక విండోస్ 7 క్రొత్త యంత్రములో ఏల నిలువదో చెప్పెదము. యంత్రములోని ప్రతి భాగముతోను మాటలాడుటకు ఆపరేటింగ్ సిస్టమునకు ఒక్కొక్క డ్రైవరు కావలెను. విండోస్ 7 వెలువడినది 2009 అక్టోబరులో. యూఎస్‌బీ 3 పోర్టుల డ్రైవరు అందులో లేదు. కనుక పెన్‌డ్రైవునుండి పని ప్రారంభమగును. కొంతసేపటికి, తాను దేనినుండి వచ్చెనో ఆ పెన్‌డ్రైవునే గుర్తింపజాలక, డ్రైవరు కావలెనని అడిగి నిలిచిపోవును. వచ్చిన వాకిలి మరచిన చుట్టమువంటిది! ఎన్‌వీఎమ్‌ఈ డిస్కును సైతము అది చూడజాలదు. నేర్పరియైన పనివాడు ఆ డ్రైవర్లను ముందుగా చేర్చి ఈ రెంటిని దాటవచ్చును. అసలు చిక్కు ఇంకను లోతున నున్నది. యంత్రమును మేల్కొలుపు పాత బయోస్ స్థానమున ఇప్పుడు యూఈఎఫ్ఐ వచ్చినది. తెరపై బొమ్మ చూపుటకు విండోస్ 7 ఆ పాత యేర్పాటునే నమ్ముకొన్నది. పాత పద్ధతికి చోటుంచని లాప్‌టాపులు నేడు పెక్కు. వానిలో విండోస్ గుర్తు కానవచ్చినచోటనే పని ఆగిపోవును. ఆగక పూర్తియైనను, వైఫై, ధ్వని, తెర వెలుగు సరిగా నడుచునన్న నమ్మకము లేదు.

మైక్రోసాఫ్టువారు దీనికి సామాన్యముగా ఇచ్చుచుండిన రక్షణ 2020 జనవరి 14తో ముగిసినది. 2023 మొదలు క్రొత్త క్రోము దీనిలో పనిచేయదు. అట్టి యంత్రముపై బ్యాంకు పని, పిల్లల పరీక్షల దరఖాస్తులు చేయుటకు మేము ఒప్పుకొనము.

కొందరు అంగడివారు అడిగినదే తడవుగా, యంత్రముతో వచ్చిన విండోసును తుడిచివేసి పని మొదలుపెట్టుదురు. కోఠారినుండి ఛార్జీలు పెట్టుకొని పోయి, కూడబెట్టిన సొమ్ముతో కొన్న వస్తువు రెంటికిని చెడును. అట్లు చేయనీయకుడు.

అంతకంటె మేలైన ఉపాయము కలదు. క్రొత్త విండోసును కదల్పక, దానిలోనే పాతదానికొక గది కట్టవలెను. వర్చువల్‌బాక్స్ అను సాధనము ఉచితముగా లభించును. అది పాతకాలపు యంత్రమువలె నటించును. విండోస్ 7 దానిని నిజమని నమ్మి నడుచును. 8 జీబీ మెమరీ గలచో 2 జీబీ దానికిచ్చిన చాలును. ఆ గదికి ఇంటర్నెట్టు మాత్రము తగిలింపరాదు. విండోస్ 7 లైసెన్సు మీ యొద్ద నుండవలెను. లాప్‌టాపు కొనునపుడే ఇంటెల్ లేక ఏఎమ్‌డీ ప్రాసెసరు గలదానిని అడుగుడు. స్నాప్‌డ్రాగన్ గలవానిలో ఈ యుపాయము సాగదు.

పిల్లలచేత మాత్రము మొదటినుండియు యూనికోడ్ తెలుగే వ్రాయింపుడు. 1991 నుండి అందులో మన అక్షరములకు సొంత స్థానములు కలవు. ఏ యంత్రములో తెరచినను 'క' కకారముగానే యుండును. పాత పుటలను యూనికోడునకు మార్చు సాధనములు కలవు గాని, అవి ఒత్తులను అప్పుడప్పుడు తారుమారు చేయును. తెలుగు చదువ నేర్చిన పెద్దలు అచ్చుదిద్దుటకు కూర్చుండవలసినదే.

ఇంటిలోని పాత కంప్యూటరును తుక్కునకు వేయుటకు ముందు, అందులోని పుటలను ఫాంట్లతోసహా పెన్‌డ్రైవులోనికి తీసికొనుడు. ఒక్కొక్క పుటను పీడీఎఫ్‌గా కూడ దాచుడు. మన సంచిక పుటలు ఎవరియింట నున్నను ఒక ప్రతిని పాఠశాలకు పంపుడు.