చప్పుడులో చదువు

బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

విద్యార్థికి ప్రశాంతత అవసరమని పెద్దలు చెబుతూ వచ్చారు. గాలీ వెలుతురూ వచ్చే గదిలో, బల్ల ముందు కూర్చొని, మనసు నిలిపి చదవాలంటారు. సలహా మంచిదే. కాని ఆ గది ఎక్కడున్నది? మనలో ఎందరి ఇండ్లల్లో చదువు కోసమని వేరే గది ఉన్నది? జగిత్యాల పల్లెల నుంచి బస్సెక్కి వచ్చే రైతుబిడ్డలకు, కోరుట్లలో బీడీలు చుట్టే ఇండ్ల పిల్లలకు, సిరిసిల్లలో సాంచాల నడుమ పెరిగిన నేతన్నల పిల్లలకు ఈ సలహా పెండ్లి విందు ముచ్చట వంటిది. వినడానికి బాగుంటుంది, కడుపు నిండదు. కనుక ఉన్న చప్పుడులోనే చదవడమెట్లా అన్నది మనకు అసలు ప్రశ్న.

మొదట మన చప్పుళ్లను గుర్తుపడుదాం. మాది జగిత్యాల దగ్గరి పల్లె, వ్యవసాయ కుటుంబం. ఇంట్లో తొమ్మిది మందిమి. నానమ్మకు చెవులు సరిగా వినపడవు గనుక టీవీ పెద్దగా పెట్టాలి. చిన్నబాపు పిల్లలు ఇద్దరూ బడి నుంచి వచ్చినప్పటి నుంచి పడుకునే దాకా కొట్లాడుకుంటనే ఉంటారు. పసుపు తవ్వినంక కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ పడతారు. ఆ గడగడ వాడకట్టంతా వినపడుతుంది. పసుపు పని ముమ్మరం, పరీక్షలు ఒకేసారి వచ్చి పడతాయి.

కోరుట్లలో ఉండే మిత్రుని ఇంట్లో చప్పుడు వేరు. తల్లీ, వదినా, పక్కింటి ఆడవాళ్లూ ఒడిలో చాటలు పెట్టుకొని తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ కూర్చుంటారు. అక్కడ యంత్రం లేదు, మాటలే ఉన్నాయి. పొద్దంతా ఒంగి చేసే పని అది, మాటలు లేకుంటే చేతులు కదలవు. సిరిసిల్ల మిత్రునిది ఇంకో తీరు. ఇంటి వెనుక రేకుల షెడ్డులో సాంచాలు నడుస్తుంటాయి. కరెంటు పోయినప్పుడే వాళ్లింట్లో ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినపడుతుంది.

శబ్దం లెక్క

శబ్ద తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారని మనం ఫిజిక్సులో చదివినాం. ఇది సంవర్గమాన స్కేలు. 10 డెసిబెల్‌లు పెరిగితే తీవ్రత 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు అవుతుంది. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్‌లు. మరమగ్గాల షెడ్డులో 90 దాటడం సాధారణం. అంటే తీవ్రతలో వెయ్యి రెట్లు. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు మించరాదు. ఇల్లూ కార్ఖానా ఒకటే అయిన చోట ఈ నియమానికి అర్థం వెతుక్కోవాలి.

ఈ లెక్కలో మనకు పనికివచ్చే విషయాలు రెండున్నాయి. ఒకటి దూరం. ఆరుబయట శబ్దం పుట్టిన చోటు నుంచి దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఒక మీటరు దూరంలో 90 ఉంటే 8 మీటర్ల దూరంలో 72 అవుతుంది. ఇంట్లో గోడలకు తగిలి తిరిగివస్తుంది గనుక అంత తగ్గదు. అందుకే వాకిట్లో చెట్టు కింద, ఇంటి అవతలి పక్క అరుగు మీద చదువు లోపలి గదికన్నా మేలు కావచ్చు.

రెండవది సందు. తలుపు, కిటికీల సందులన్నీ కలిపి గోడ వైశాల్యంలో నూరో వంతున్నా, ఆ దారిన శబ్దశక్తిలో నూరో వంతు లోపలికి వస్తుంది. అంటే గోడ ఎంత మందమైనా 20 డెసిబెల్‌లకు మించి తగ్గించలేదు. గోడకు ఖర్చు పెట్టే ముందు తలుపు కింది సందులో పాతబట్ట చుట్టి పెట్టండి, కిటికీ రెక్క సరిగా పడేటట్లు చూడండి. గోడకు బొంత వేలాడదీస్తే గదిలో మారుమోత తగ్గుతుందే గాని బయటి చప్పుడు ఆగదు.

ఏ చప్పుడు ఎక్కువ చెడగొడుతుంది?

పెద్ద చప్పుడే పెద్ద శత్రువని అనుకుంటాం. అన్ని వేళలా అట్లా కాదు. 1976లో కోల్, వెల్ష్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కంటితో చూసిన అక్షరాలను వరుసగా గుర్తుపెట్టుకునే వారి చెవిన, వారికి తెలియని భాషలో చదువుతున్న మాటలు పడేటట్లు చేశారు. అర్థం కాకున్నా జ్ఞాపకం దెబ్బతిన్నది. కారణం ఇది. మనం వరుసగా దేన్నైనా గుర్తుపెట్టుకునేటప్పుడు లోపల దాన్ని పలుకుతుంటాం. బయటి మాటలు క్షణక్షణం మారుతూ వచ్చి ఆ పలుకుకు అడ్డుపడతాయి. ఫ్యాను మోత వలె మారని శబ్దం అంతగా అడ్డుపడదు. అర్థమయ్యే మాటలైతే చదివి గ్రహించే పనికి ఇంకా ఎక్కువ నష్టం. కాబట్టి గోడ అవతలి సాంచాల మోతకన్నా పక్కన నడిచే టీవీ సీరియల్ చదువుకు ఎక్కువ చేటు చేయవచ్చు.

అట్లని సాంచాల నడుమనే కూర్చోమని కాదు. కార్ఖానాల్లో 90 డెసిబెల్‌ల దగ్గర రోజుకు 8 గంటలకు మించి పనిచేయరాదని మన నియమాలున్నాయి. ఆ చప్పుడు చదువుకన్నా ముందు చెవులను తింటుంది. చెవుల్లో పెట్టుకునే దూది కొద్దిగానే ఆపుతుంది. మందుల దుకాణాల్లో దొరికే మెత్తని ఫోమ్ బిరడాలు మేలు. ఇయర్‌ఫోన్ పెట్టి, బయటి మోతను ముంచేటంతగా పాట పెంచడం మాత్రం వద్దు. అది గోరుచుట్టు మీద రోకటి పోటు.

చప్పుడు చదువును నిజంగా వెనక్కు లాగుతుందా అని సందేహించేవారికి న్యూయార్క్ బడి ఉదాహరణ చాలు. ఆ బడికి ఒక పక్క పట్టాల మీద సుమారు 4½ నిమిషాలకొక రైలు పోయేది. 1975లో బ్రాన్‌జాఫ్ట్, మెక్‌కార్తీ ప్రకటించిన పరిశోధనలో, ఆ పక్క తరగతుల పిల్లలు అవతలి పక్కవారికన్నా చదవడంలో వెనుకబడి కనిపించారు. తర్వాత పట్టాల కింద రబ్బరు దిండ్లు వేసి, గదుల పైకప్పులకు శబ్దాన్ని పీల్చే పలకలు అమర్చారు. 1981 నాటికి ఆ తేడా పోయింది. పిల్లలు మారలేదు, చప్పుడు తగ్గింది. మొద్దు అని ఎవరినైనా అనే ముందు ఈ సంగతి తలుచుకోవాలి.

చేయదగినవి

మొదటిది, పనిని వేళకు తగినట్లు పంచుకోవాలి. ఇంట్లో ఎప్పుడు ఏ చప్పుడో వారం రోజులు కాగితం మీద రాయండి. నిర్వచనాలు, సమీకరణాలు, కర్బన రసాయన చర్యలు తెల్లవారుజామున పెట్టుకోవాలి. మాటల నడుమ రికార్డు బొమ్మలు గీయడం, నోట్సు శుభ్రంగా రాయడం, చేయి అలవాటైన లెక్కలు చేయడం సాధ్యమే.

రెండవది, పుస్తకం మూసి గుర్తుచేసుకోవాలి. 2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికన్నా చూడకుండా రాసి పరీక్షించుకున్నవారికి వారం తర్వాత ఎక్కువ గుర్తున్నది. దీనికి గంటల నిశ్శబ్దం అక్కర లేదు. బస్సులో, బాయికాడ నీళ్లు పారుతుండగా, బర్రెలకు గడ్డి వేస్తూ కూడా మనసులో ప్రశ్న వేసుకోవచ్చు.

మూడవది, ఇంట్లో అడగాలి. నోరు మంచిదైతే ఊరు మంచిది. "అందరూ సప్పుడు జేయకుండ్రి" అంటే ఎవరూ వినరు. "నానమ్మా, ఎనిమిది నుంచి తొమ్మిది దాకా టీవీ బంద్ పెడుదామా, తర్వాత నేనే పెడత" అంటే మా ఇంట్లో నడిచింది. గంట అడిగితే ఇస్తారు, రోజంతా అడిగితే ఇవ్వరు.

ఇక్కడొక మాట చెప్పక తప్పదు. మగపిల్లలం చప్పుడెక్కువైతే పుస్తకం పట్టుకొని చెట్టుకిందికో, గుడి అరుగు మీదికో, గ్రంథాలయానికో పోతాం. మా చెల్లెకు ఆ వీలు లేదు. పొద్దుమూకినంక బయటికి పంపరు. ఇంట్లో ఉన్నది గనుక నీళ్లకొకసారి, పొయ్యికాడికి ఒకసారి పిలుస్తారు. అంతరాయాల్లో సగం శబ్దం కాదు, పిలుపు. తెల్లారి నాకు దొరికే గంట ఆమెకు దొరకాలంటే, ఆ గంట వాకిలి ఊడ్చే చీపురు నా చేతిలో ఉండాలి. డెసిబెల్‌ల లెక్కకన్నా ఇది కష్టమైన లెక్క. అన్నలందరం చేయవలసిన లెక్క.

కాలేజీకి, సంఘానికి ఒక మనవి. తరగతులైపోయినంక రెండు గదులు, పరీక్షల నెలల్లోనైనా, సాయంత్రం ఆరు దాకా తెరిచి పెట్టించండి. ఆడపిల్లలకు ఇంటికి పోయే బస్సు వేళ చూసి ఏర్పాటు చేయండి. దీనికి పెద్ద నిధులు అవసరం లేదు. ఒక తాళంచెవి, దానికి బాధ్యత వహించే ఒక మనిషి చాలు.

మిత్రులారా, మన ఇండ్ల చప్పుడును తిట్టుకోవద్దు. పసుపు డ్రమ్ము తిరిగితేనే నా ఫీజు. చాటలో బీడీలు వెయ్యి లెక్క పూర్తయితేనే కోరుట్ల మిత్రుని పుస్తకాలు. సిరిసిల్లలో ఆర్డర్లు లేక సాంచాలు ఆగిన రోజులున్నాయి. అప్పుడు ఇండ్లు ఎంతో నిశ్శబ్దంగా ఉంటాయి, ఆ నిశ్శబ్దంలో ఎవరూ చదవలేరు. మనకు కావలసింది మన వాళ్ల పని ఆగడం కాదు, ఆ పని నడుమ రోజుకొక గంట మనదని చెప్పుకోగలగడం. ఆ గంటను తెలివిగా వాడుకుందాం. ఇంట్లో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా అటువంటి గంట ఒకటి దొరికేటట్లు చూద్దాం.