మందులంగడి నిచ్చెనకు మొదటి మెట్టు లేదు

మన ఫార్మసీ చట్టం 1948 నాటిది. రాజ్యాంగం కంటె వయసులో పెద్దది. వైద్యుడు వ్రాసిన చీటీ చూచి మందు కలుపుటకు గాని, ఇచ్చుటకు గాని రిజిస్టరైన ఫార్మసిస్టుకు తప్ప అన్యులకు అధికారం లేదని దాని 42వ సెక్షను శాసించింది. వైద్యుడు తన రోగికి తానే మందు ఇచ్చుకొనుటకు మాత్రం మినహాయింపు ఉన్నది. ఇక దేశంలో ఏ బజారుకైనా వెళ్లి చూడండి. చీటీ అందుకొనేది, అరలో నుంచి మందు తీసేది, ఉదయం ఎన్ని, రాత్రి ఎన్ని అని చెప్పేది బల్ల వెనుక నిలబడిన అసిస్టెంటు. ఫార్మసిస్టు సర్టిఫికెట్టు గోడమీద అద్దంలో బిగించి ఉంటుంది. దాని సొంతదారు తరచుగా ఆ గోడ ఉన్న ఊళ్లోనే ఉండడు. నెలకింత అద్దె ముట్టితే చాలు.

ఔషధ నియమావళిలోని 65వ నియమం మాట కొంచెం వేరు. రిజిస్టర్డు ఫార్మసిస్టు స్వయంగా గాని, అతని స్వీయ పర్యవేక్షణలో గాని మందు ఇవ్వవలెనని అందులో ఉన్నది. 'పర్యవేక్షణలో' అన్న ఆ ఒక్క మాట నీడనే మందుల షాపు అసిస్టెంట్ల బ్రతుకు సాగుతున్నది. పర్యవేక్షకుడే లేనప్పుడు ఆ నీడ కూడ ఉండదు. పూర్వం 42వ సెక్షను ఉల్లంఘనకు జరిమానా వేయి రూపాయలకు మించేది కాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన జన విశ్వాస్ చట్టం జైలు శిక్ష గరిష్ఠ పరిమితిని ఆరు నెలల నుంచి మూడు నెలలకు తగ్గించి, జరిమానాను రెండు లక్షల వరకు పెంచింది. అంత డబ్బు ఏ అసిస్టెంటు చూచి ఉంటాడు?

అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చేరువలోని యూసుఫ్ సరాయ్‌లో మందుల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. ఒక దుకాణంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న తూర్పు ఉత్తరప్రదేశ్ యువకునితో ఈ మధ్య మాట్లాడాను. ఇంటర్మీడియెట్‌లో అతడు చదివినది ఆర్ట్స్. నేనక్కడ ఉండగానే కీళ్లవాతంతో బాధపడుతున్న ఒక వృద్ధురాలు చీటీతో వచ్చింది. అందులో మెథోట్రెక్సేట్ ఉన్నది. ఈ వ్యాధికి ఆ మాత్ర వారానికి ఒకసారి మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకొంటే ప్రాణం మీదికి వస్తుంది. అతడు మాత్రల పట్టీ మీద హిందీలో 'ఆదివారం మాత్రమే' అని పెద్ద అక్షరాలతో వ్రాసి, ఆమె చేత రెండుసార్లు పలికించి గాని చేతికి ఇవ్వలేదు. చట్టం దృష్టిలో ఆ క్షణాన అతడు చేసినది నేరం. ఫార్మసిస్టు ఆ సమయానికి అక్కడ లేడు.

తరువాత తన ఫోనులో ఒక యోగ్యతాపత్రం చూపించాడు. ఏదో సంస్థ ఆన్‌లైన్‌లో నడిపిన శిక్షణ. పేరు 'ఫార్మసీ టెక్నీషియన్'. రాత్రి పదకొండుకు దుకాణం మూసిన తరువాత పాఠాలు విన్నాడట. అవి వట్టివి కావు. ఇన్సులిన్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఎందుకు ఉంచాలో, 2014 నుంచి అమలులో ఉన్న హెచ్-1 షెడ్యూలు మందుల రిజిస్టరును మూడేళ్లు ఎందుకు భద్రపరచాలో నాకు చక్కగా వివరించాడు. "బాబూజీ, దీంతో నేను టెక్నీషియన్ని అయినట్టేనా?" అని అడిగాడు. కాలేదు. మన ఫార్మసీ చట్టానికి టెక్నీషియన్ అనే మాటే తెలియదు. ఆ రుసుము తీసుకొన్నవారికి ఈ సంగతి తెలియదనుకోను.

అనుభవమే అర్హతగా తలుపు తెరవడం పార్లమెంటుకు కొత్త కాదు. 1948 నాటి చట్టమే తొలి రిజిస్టరులో చేరుటకు ఆస్పత్రిలోనో, మందులిచ్చే మరోచోటనో అయిదేళ్లు మందులు కలిపిన కాంపౌండరుకు వీలు కల్పించింది. ఔషధ నియమావళి 1969 డిసెంబరు 31లోగా ఆమోదం పొందినవారికి నాలుగేళ్ల అనుభవం చాలునన్నది. 1976 సవరణ బర్మా, శ్రీలంక, ఉగాండాల నుంచి కట్టుబట్టలతో తిరిగివచ్చిన వారికీ, తూర్పు బెంగాలు నిర్వాసితులకూ దారి చూపింది. 2023 వర్షాకాల సమావేశాలలో జమ్మూ కాశ్మీరు వంతు వచ్చింది. అక్కడి పాత ఫార్మసీ చట్టం కింద అర్హులైన వారు ఏడాదిలోగా దరఖాస్తు చేసుకొంటే కేంద్ర చట్టం కింద రిజిస్టరైనట్టే భావిస్తామన్నారు. (ఆ పాత చట్టం పేరులోని 2011 విక్రమ సంవత్సరం, మన లెక్కలో 1955.) అయితే ఇవన్నీ ఒక్కసారి తెరచి మూసిన తలుపులు.

నేడు తిన్నని దారి డిప్లొమా ఒక్కటే. సైన్సుతో ఇంటర్మీడియెట్, రెండేళ్ల కళాశాల, అయిదు వందల గంటల ప్రాయోగిక శిక్షణ. ఆపై 2022 నిబంధనలు నిర్దేశించిన నిష్క్రమణ పరీక్ష. పదకొండేళ్లు బల్ల వెనుక నిలబడినా ఆ అయిదు వందల గంటలలో ఒక్క గంట తగ్గదు. ఫార్మసీ చదువును దూరవిద్య ద్వారా గాని ఆన్‌లైన్‌లో గాని నడపరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2020 నిబంధనలు నిషేధించాయి. ఆ నిషేధం న్యాయమైనదే. చేతితో నేర్చే విద్యను తెర మీద చూచి నేర్చుకొమ్మనలేము. కాని చిత్రమేమంటే, డిప్లొమా ఉండి నాలుగేళ్లు పనిచేసిన ఫార్మసిస్టు ఉద్యోగం మానకుండానే డిగ్రీ పొందుటకు 2014లో నిబంధనలు చేశారు. రెండవ మెట్టు నుంచి మూడవ మెట్టుకు చేయూత ఉన్నది. నేల మీద నిలబడినవాడికి మాత్రం మొదటి మెట్టే లేదు.

పొరుగు దేశాలు మరొక దారి పట్టాయి. పాకిస్తాన్ 1967 చట్టం రెండు రిజిస్టర్లు పెట్టింది: పట్టభద్రులకు ఒకటి, తక్కిన వారికి ఒకటి. బంగ్లాదేశ్‌లో మూడు తరగతులు. అట్టడుగున ఉన్న 'సి' తరగతి టెక్నీషియన్ కొద్ది నెలల శిక్షణతోనే తయారవుతాడు. అంత పలుచని శిక్షణతో దుకాణమంతా ఒకరికి అప్పగించడం నాకు సమ్మతం కాదు. బ్రిటన్ పద్ధతి దృఢమైనది. అక్కడ 2011 జులై నుంచి ఫార్మసీ టెక్నీషియన్ పేరు రిజిస్టరులో ఉండి తీరాలి. అసిస్టెంటు కనీసం రెండేళ్లు పర్యవేక్షణలో పనిచేస్తూనే చదువుతాడు. సిద్ధాంత భాగం ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో చదవవచ్చు. చేతిపనికి సాక్ష్యం మాత్రం పని చేసే చోటి నుంచే రావాలి. టెక్నీషియన్ అయినా అతడు ఫార్మసిస్టు స్థానంలో కూర్చోడు, అతని పక్కన నిలబడతాడు. మనకు కావలసినది ఇదేనని నా అభిప్రాయం.

డిప్లొమా చేసి పని దొరకక తిరుగుతున్నవారు దీనికి ఒప్పుకోరు. "మేము ఫీజులు కట్టి చదివాము, మా చోటు వీరికెందుకు?" అంటారు. వారి బాధ నిజమే. కాని వారి చోటును ఆక్రమించినది అసిస్టెంటు కాదు, గోడమీది అద్దె సర్టిఫికెట్టు. బీహారులో నకిలీ ఫార్మసిస్టుల వ్యవహారంపై 2022 నవంబరులో సుప్రీంకోర్టు, రిజిస్టర్డు ఫార్మసిస్టు లేకుండా ఆస్పత్రులు, మందుల కేంద్రాలు నడపడం ప్రజారోగ్యానికే ముప్పు అని హెచ్చరించి, కేసును తిరిగి పాట్నా హైకోర్టుకు పంపింది. అద్దె సర్టిఫికెట్టు పోతే ప్రతి షాపులోను ఒక ఫార్మసిస్టుకు ఉద్యోగం, అతని కింద ఒక టెక్నీషియన్‌కు గౌరవం, రెండూ కలిసే వస్తాయి.

1948 చట్టం స్థానంలో జాతీయ ఫార్మసీ కమిషన్‌ను ఏర్పరచే బిల్లు ముసాయిదాను కేంద్ర ఆరోగ్య శాఖ 2023 నవంబరులో విడుదల చేసింది. అభిప్రాయాలు పంపుటకు ఇచ్చిన గడువు డిసెంబరు 14. కళాశాలల యజమానులకు, సంఘాల నాయకులకు ఆ తేదీ తెలుసు. యూసుఫ్ సరాయ్ బల్లల వెనుక నేను అడిగిన వారిలో ఒక్కరికీ అటువంటి ముసాయిదా ఒకటి వచ్చినట్టే తెలియదు.